తాడు పట్టేవాళ్ళు

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థులుగా ఏదైనా రాసి పంపమని కబురు వచ్చింది. ఏం రాయాలా అని మేం ఎక్కువగా తడుముకోలేదు. ఊరికి వచ్చినప్పుడల్లా తమ్ముళ్ళు ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మీరు నడుముకు తాళ్ళు కట్టుకుని కొండలెక్కతా ఉండారంట, నిజమేనా?" అని. నిజమే తమ్ముళ్ళూ. ఆ సంగతే రాస్తున్నాం.

మేమంటే నలుగురం. ఈ హాస్టల్లో ఒకే వరుసలో ట్రంకు పెట్టెలు పెట్టుకుని, ఒకే కిటికీ కింద చాపలు పరుచుకుని పెరిగినవాళ్ళం. ఇప్పుడు ఇరవై మూడేళ్ళు వచ్చాయి, తిరుపతిలో పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాం. నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం మేమే. రెండేళ్ళుగా ఆదివారాలు, సెలవు దినాలు తిరుపతిలోని ఒక చిన్న కొండలెక్కే బృందంతో గడుపుతున్నాం. అందులో బ్యాంకు ఉద్యోగి ఉన్నారు, పంతులమ్మ ఉన్నారు, సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఉన్నారు. ఆయన్ని అందరం మాస్టారు అంటాం. మాకు ముడి వేయడం నేర్పింది ఆయనే.

వడమాలపేటలో పుట్టినవాడికి కొండ వింత కాదు. ఇంటి బయట నిలబడితే చాలు, ఏ దిక్కున చూసినా కొండలే. ఒకపక్క తిరుమల కొండలు, ఇంకోపక్క నగరి కొండలు, అటు నాగలాపురం కొండలు. సదాశివకోన, కైలాసకోన మనం చిన్నప్పటి నుంచి వింటున్న పేర్లు. అయితే మా అమ్మలకు కొండంటే కట్టెల మోపు. మా నాయనలకు కొండంటే మేకలు. మొక్కు ఉంటే అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లూ ఎక్కుతారు. పని కోసం, దేవుడి కోసం కొండెక్కడం మాకు తెలుసు. నేర్చుకోవడం కోసం కొండెక్కుతారని మాత్రం తెలియదు.

ఆ సంగతి మాకు మొదట తెలిసింది 2014లో. అప్పుడు మాకు పన్నెండేళ్ళు. వేసవి సెలవులయ్యాక హాస్టల్ తెరిచేసరికి నోటీసు బోర్డు మీద పేపరు కటింగు అంటించి ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ మే 25న ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ మనలాగే సాంఘిక సంక్షేమ శాఖ చదువుల్లోంచి వచ్చినవాళ్ళు, గురుకుల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికల్లో అందరికంటే చిన్నది. మాకంటే రెండేళ్ళు కూడా పెద్ద కాదు! మేం కటింగు ముందు నిలబడి ఎంతసేపు చూశామో చెప్పలేం.

అప్పుడు మేం అనుకున్నది, వాళ్ళకు పుట్టుకతోనే ధైర్యం ఉందని. ఇప్పుడు ఆ కథను మళ్ళీ చదువుకుంటే అందులో ధైర్యం కంటే శిక్షణే ఎక్కువ కనబడుతుంది. అప్పటి గురుకులాల సొసైటీ కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనికతో వంద మందికి పైగా పిల్లలకు భువనగిరి కోట బండ మీద శేఖర్ బాబు శిక్షణ ఇచ్చారు. అందులో కొందరిని ఎంచి డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. వాళ్ళలోంచి ఇంకా కొందరిని చలికాలంలో లడఖ్‌కు తీసుకుపోయారు. చివరికి ఇద్దరు మిగిలారు. నేపాల్ వైపు నుంచి ఎక్కడానికి పదహారేళ్ళు నిండాలన్న నిబంధన ఉండటంతో టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు మంచుపాతంలో హిమం విరుచుకుపడి 16 మంది నేపాలీ గైడ్లు, కూలీలు చనిపోయారు. ఆ వార్త తెలిశాక కూడా పిల్లల్ని ముందుకు పంపాలా వద్దా అని పెద్దలు ఎంత నలిగి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు మా సంగతి. మొదటి ఆదివారం కొండకు పోతున్నామని ఇంట్లో చెప్పినప్పుడు మాలో ఒకరి నాయన అన్న మాట ఇది: "కట్టెలకి, మేకలకి మేం ఎక్కింది చాల్లేదంటనా? కొండలెక్కను డిగ్రీ దేనికిరా?" అమ్మ అయితే కోపాన్ని నవ్వులో కలిపి, "పోనీలే, కాలిరిగితే పుత్తూరు కట్టు పక్కనే ఉండాది" అంది. వాళ్ళ భయం మాకు తెలుసు. నాలుగు రాళ్ళు సంపాదించే వయసుకొచ్చిన బిడ్డ ఒక్కడే. వాడికి ఏమైనా అయితే ఇల్లంతా కూలుతుంది. ఉన్నవాళ్ళకు కాలు విరిగితే మూడు నెలల విశ్రాంతి. మాకు కాలు విరిగితే మూడు నెలల కూలీ, ఒక ఏడాది చదువు. కాబట్టి మేం మాస్టారుకు మొదటే చెప్పుకున్నాం: "సార్, మేం పడకూడదు." ఆయన నవ్వలేదు. "ఎవరూ పడకూడదు. అది నేర్పడానికే నేనున్నాను" అన్నారు.

మొదటి పాఠం నడక. పాతికేళ్ళ లోపు వయసులో నడక నేర్చుకోవడం ఏమిటని మాకు లోపల నవ్వు వచ్చింది. నీళ్ళు, అన్నం, తాళ్ళు కలిపి ఒక్కొక్కరికి ఎనిమిది కిలోల బరువు ఎత్తారు. మేం దుడుకుగా ముందుకు పరిగెత్తాం. అరగంటలో రొప్పుతూ బండల మీద కూర్చున్నాం. మాస్టారు, పంతులమ్మ గారు అదే నడకతో మా పక్కనుంచి దాటిపోయారు. చిన్న అడుగు వేయాలి. పాదం మొత్తం ఆనించాలి. మోకాలు చాచి ఒక క్షణం బరువును ఎముక మీద నిలపాలి, అప్పుడు కండకు విశ్రాంతి. పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగమే సరైన వేగం. ఇవన్నీ విని రెండో వారం నడుస్తుంటే మాకు ఒక సంగతి తట్టింది. ఈ నడక మేం ఎక్కడో చూశాం. తలమీద గుడ్డ చుట్ట పెట్టుకుని, దాని మీద కట్టెల మోపు పెట్టుకుని, అమ్మ కొండ దిగే నడక ఇదే. తొందర లేదు, ఆగడం లేదు. హిమాలయాలకు పోయేవాళ్ళకు నేర్పే పాఠం మా ఇంట్లోనే ఉంది. దాన్ని పాఠమని ఎవరూ అనలేదు, అంతే.

బృందం నడకకు ఇంకో నియమం ఉంది. అందరికంటే మెల్లగా నడిచేవారిని ముందు పెడతారు. వాళ్ళ వేగమే అందరి వేగం. గట్టివాడు చివర ఉండాలి, ఎవరైనా వెనకబడితే చూసుకోవాలి. పరీక్షల్లో, ఉద్యోగాల్లో మేం నేర్చుకున్నది దీనికి తలకిందులుగా ఉంటుంది.

అడవిలోకి పోయే ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. ఆ కాగితం మాస్టారు ప్లాస్టిక్ కవరులో పెట్టి మాకే ఇచ్చేవారు. ఎందుకో మాకు తెలుసు. ఇవి ఎర్రచందనం పెరిగే అడవులు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది చనిపోయారు. ఎర్రచందనం నరకడానికి వచ్చిన కూలీలని అన్నారు. అప్పుడు మేం ఏడో తరగతి పరీక్షలు రాస్తున్నాం. నల్లగా, బక్కగా, భుజాన సంచీ, చేతిలో తాడుతో అడవి అంచున కనబడితే మమ్మల్ని ఎవరేమనుకుంటారో మాకు వేరే చెప్పనక్కర్లేదు. ఒకసారి దారిలో ఆపారు. బృందంలో అందరినీ ఒకసారి చూశారు, మా నలుగురిని రెండుసార్లు చూశారు. కాగితం చూపించాం. పంతులమ్మ గారు వచ్చి మా పక్కన నిలబడ్డారు, ఒక్క మాట కూడా మాట్లాడకుండా. పొమ్మన్నారు. ఆ రోజు కొండ మీద గాలి ఎంత చల్లగా ఉన్నా, ఆ రెండో చూపు చాలాసేపు మా వీపు మీద ఉండిపోయింది.

నడక తర్వాత బండ. 'దూరపు కొండలు నునుపు' అని సామెత. మన కొండలు దగ్గరికి పోతే నునుపు కాదు. మన నగరి కొండల రాయిని క్వార్ట్‌జైట్ అంటారు. కోట్ల ఏళ్ళ కిందటి ఇసుక రాయి బిగిసి గట్టిపడగా తయారైంది. పొరలు పొరలుగా విరుగుతుంది, వేళ్ళకు అంచులు దొరుకుతాయి, ఆ అంచులే చర్మాన్ని కోస్తాయి. భువనగిరి బండ గ్రానైట్ జాతిది, అక్కడ పట్టు తక్కువ, పాదం రాపిడిని నమ్మి నిలబడాలి. ఎక్కడైనా మొదటి సూత్రం ఒకటే. రెండు చేతులు, రెండు కాళ్ళు కలిపి నాలుగు. వీటిలో మూడు ఎప్పుడూ రాతి మీదే ఉండాలి, ఒక్కటే కదలాలి. రెండో సూత్రం: చేతులతో లాక్కోకూడదు, కాళ్ళతో లేవాలి. చేతులు తొందరగా అలిసిపోతాయి, కాళ్ళు ఓర్చుకుంటాయి.

ముళ్ళు మాకు సులువుగా వచ్చాయి. నడుము హార్నెస్‌కు తాడు కట్టే ముడి ఎనిమిది అంకెలా ఉంటుంది, దాన్నే తిరిగి వెంట అల్లుకుంటూ పోవాలి. గుంజకు కట్టే ఇంకో ముడి మేకల్ని కట్టేసిన చేతులకు కొత్త కాదు. తాడులోనూ రెండు రకాలు. దిగడానికి వాడేది సాగదు. ఎక్కడానికి వాడేది కొంచెం సాగుతుంది, పడినప్పుడు ఆ సాగడమే నడుం విరగకుండా కాపాడుతుంది. మా పల్లె తాడు ఎంత గట్టిదైనా ఈ పనికి పనికిరాదు. ఒక మంచి తాడు ఖరీదు విన్నాక, దాన్ని తొక్కితే మాస్టారు ఎందుకు కేకలేస్తారో అర్థమైంది. తొక్కితే లోపలికి ఇసుక పోయి దారాలు తెగుతాయి. బయటికి కనబడదు.

ఇక అసలు సంగతికి వస్తాం. బండ ఎక్కేవాడి నడుముకు కట్టిన తాడు పైకి పోయి, పైన గట్టిగా కట్టిన కొక్కెంలోంచి మళ్ళీ కిందికి వస్తుంది. కింద ఒకడు నిలబడి ఆ రెండో కొసను పడతాడు. దీన్ని బిలే అంటారు. పైవాడు ఎక్కేకొద్దీ కిందివాడు సడలిన తాడును లాగుతుంటాడు. పైవాడు జారితే కిందివాడు బిగిస్తాడు. ఒక చెయ్యి ఎప్పుడూ, ఏ కారణం చేతా తాడు వదలకూడదు. చీమ కుట్టినా సరే, ఎవరైనా పిలిచినా సరే. ఎక్కేముందు ఇద్దరూ ఒకరి ముడి ఒకరు చూడాలి, బిగువు చూడాలి, కొక్కెం మూసుకుందా చూడాలి. చప్పట్లు పైకి ఎక్కినవాడికి వస్తాయి. ప్రాణం మాత్రం కిందివాడి చేతిలో ఉంటుంది.

మాలో ఒకడు ఎక్కడంలో అందరికంటే గట్టివాడు. కానీ తాడు మీద వెనక్కి వాలి బండ దిగాల్సిన రోజు అంచు దగ్గర నిలబడిపోయాడు. వెనక్కి వాలడం, అంటే ఏమీ లేని గాలిలోకి వీపు చూపించడం, ఎవరికైనా కష్టమే. మాస్టారు తొందరపెట్టలేదు. పావుగంట గడిచింది. అప్పుడు వాడు మాతో మెల్లగా అన్నాడు: "ఇట్లాంటి తాడు ఒకటుంటే మా నాయన బతికుండేవాడు రా."

వాడి నాయన మద్రాసులో పెద్ద బిల్డింగులకు రంగులేసే పనికి పోయేవాడు. మూడో అంతస్తు సారువ మీద నుంచి పడ్డాడు. నడుముకు ఏ తాడూ లేదు. అప్పుడు మేం ఎనిమిదో తరగతి. వాడు పది రోజులు ఊళ్ళో ఉండి మళ్ళీ హాస్టల్‌కు వచ్చి, అదే కిటికీ కింద చాప పరుచుకున్నాడు. ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆ బండ అంచున మాట్లాడాడు.

మేం ముగ్గురం ఏమీ అనలేకపోయాం. మాస్టారు వచ్చి వాడి ముడి మరోసారి చూసి, రెండో తాడు కూడా కట్టి, దాన్ని మా చేతికి ఇచ్చారు. "నీ దోస్తులే పట్టుకున్నారు. నీకు కుదిరితే దిగు, లేకపోతే ఇట్లనే నడిచి పోదాం" అన్నారు. వాడు మా ముఖాలు చూశాడు. వాలాడు. దిగాడు. కింద నిలబడి చాలాసేపు తాడును చేత్తో పట్టుకునే ఉన్నాడు. ఈనాడు మా బృందంలో అందరి ముళ్ళూ చూసేది వాడే. వాడు చూడకుండా ఎవరూ బండ మీద కాలు పెట్టరు.

తాడు గురించి పెద్ద కొండల్లోనూ ఇదే కథ. 1953లో ఖుంబు మంచులో ఎడ్మండ్ హిల్లరీ ఒక నెర్రెలోకి జారిపోతే, వెనక ఉన్న టెన్జింగ్ నార్గే తాడు బిగించి నిలబెట్టాడు. ఆ తర్వాతే వాళ్ళిద్దరూ జోడీ అయ్యారు, మే 29న శిఖరం చేరారు. టెన్జింగ్‌కు చదవడం రాయడం రాదు. అయినా 1954లో డార్జిలింగ్ సంస్థ పెట్టినప్పుడు అక్కడ శిక్షణకు మొదటి డైరెక్టర్ ఆయనే అయ్యాడు. పూర్ణ, ఆనంద్ శిక్షణ పొందింది అక్కడే.

ఇంకో పాఠం వెనక్కి తిరగడం. ఒక నవంబరులో నాగలాపురం కొండల్లో వాగు వెంట నడుస్తున్నాం. పైన ఎక్కడో వాన పడుతోంది, మా మీద చుక్క లేదు. వాగు నీళ్ళు అప్పటిదాకా అద్దంలా ఉన్నాయి, కాస్త ఎర్రబారాయి. ఇంకో అరగంట నడిస్తే మడుగు వస్తుంది. మాస్టారు నీళ్ళ రంగు చూసి "వెనక్కి" అన్నారు. మాకు ఉసూరుమంది. దిగి మిట్ట మీదికి వచ్చి అన్నం మూటలు విప్పేసరికి, మేం దాటి వచ్చిన రాళ్ళ మీద నీళ్ళు పారుతున్నాయి. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన ఘనుడు. అంతటివాడు కూడా 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో చిక్కుకుని ప్రాణం కోల్పోయాడు. కొండ ఎవరి పట్టా చూడదు. శిఖరం రేపు కూడా అక్కడే ఉంటుంది, మనం ఉండాలి.

తమ్ముళ్ళూ, మేం ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్లమని ఊళ్ళో అంటుంటారు. సొంతంగా పైకొచ్చారని మెచ్చుకుంటారు. వినడానికి బాగుంటుంది కానీ, తాడు పట్టడం నేర్చుకున్నాక ఆ మాట మాకు సరిగా అనిపించడం లేదు. పదో తరగతి పరీక్ష ఫీజు గడువు దాటిపోయే రోజు జేబులోంచి తీసి కట్టిన వార్డెన్ సార్ ఉన్నారు. జ్వరం వచ్చినప్పుడు వేరే గిన్నెలో గంజి కాచి ఇచ్చిన వంట అక్క ఉంది. తమ గైడ్లు, నోట్సులు మాకు వదిలిపోయిన అన్నలు ఉన్నారు. మేం జారినప్పుడల్లా ఎవరో ఒకరు బిగించి పట్టారు. పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు మీదికి అంబేద్కర్ గారి ఫోటోతో పాటు ఎస్.ఆర్. శంకరన్ గారి ఫోటో కూడా తీసుకుపోయారు. సంక్షేమ హాస్టళ్ళ పిల్లల బాగు కోసం అధికారంలో ఉండి పాటుపడిన ఆ ఐఏఎస్ అధికారి 2010లో చనిపోయారు. ఆ పిల్లలను ఆయన చూడలేదు. అయినా తాడు రెండో కొస ఎవరి చేతిలో ఉండిందో ఆ పిల్లలు మరిచిపోలేదు.

అందుకని మేం నలుగురం ఒకటి అనుకున్నాం. వార్డెన్ సార్ అనుమతితో, మీ తల్లిదండ్రుల సంతకంతో, ప్రతి నెలా మొదటి ఆదివారం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను నడకకు తీసుకుపోతాం. మొదటి ఆరు నెలలూ నడకే, బండ తర్వాత. మాస్టారు కూడా వస్తామన్నారు. పదో తరగతి వాళ్ళు పరీక్షలయ్యాక రండి. ఆసక్తి ఉన్నవాళ్ళు డిగ్రీలో చేరాక డార్జిలింగ్‌లోనో, ఉత్తరకాశీలోనో బేసిక్ కోర్సుకు దరఖాస్తు పెట్టవచ్చు. ఆ దరఖాస్తు నింపడం మేం నేర్పుతాం.

అంతదాకా కొన్ని మాటలు వినండి. ఒంటరిగా కొండకు పోవద్దు. కోన జలపాతాల దగ్గర తడి రాళ్ళు ఎక్కవద్దు, ఫోటో కోసం అసలే వద్దు. ఎండాకాలం గడ్డి కొండల్లోకి పోవద్దు. 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి దగ్గర కార్చిచ్చులో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు. అగ్గిపెట్టె ఇంట్లో పెట్టి రండి, తీసుకుపోయిన ప్లాస్టిక్ కవరు తిరిగి తెండి. ఇంట్లో చెప్పకుండా మాత్రం ఎవరూ రావద్దు. అమ్మ తిడితే తిట్టించుకోండి, ఆమె భయంలో న్యాయం ఉంది.

బూట్లు లేవని ఆగిపోవద్దు. మా బృందం వాళ్ళు ఆరు జతల కాన్వాసు బూట్లు ఇచ్చారు, వంతులవారీగా వేసుకుందాం. సంచీలో ఒక నీళ్ళ సీసా, సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి ఉంటే చాలు. మొదటి నెల మీకు ముళ్ళు నేర్పుతాం. రెండో నెల నుంచి మీ పక్కవాడి ముడి మీరు చూడాలి. ఎక్కడానికి అందరూ ముందుకొస్తారు. తాడు పట్టడానికి ఎవరు ముందుకొస్తారో, మేం వాళ్ళ పేర్లు మొదట రాసుకుంటాం.

ఇట్లు,
మీ అన్నలు, పూర్వ విద్యార్థులు